అటక దిగిన వాల్వు రేడియో

అటకమీద పాత రేడియో ఒకటి కనబడగానే ఎవరైనా చేసే మొదటి పని, దుమ్ము దులిపి ప్లగ్గు పెట్టి స్విచ్చి వేయడం. అసలు చేయకూడని పని కూడా అదే. ముప్పై నలభై ఏళ్ళు మూలపడిన వాల్వు రేడియోకు ఒక్కసారిగా 230 వోల్టులు ఇస్తే, అంతవరకు బాగున్న ట్రాన్స్‌ఫార్మరు కూడా కాలిపోవచ్చు. అది కాలితే సెట్టు బాగుపడటం చాలా కష్టం. ఇటువంటి రేడియోను ఇంట్లో ఏ వరుసలో బాగుచేసుకోవాలో, ఆ వరుస వెనుక ఉన్న సైన్సు ఏమిటో, మా ఇంటి సెట్టు మీద నేర్చుకున్నంత మేరకు విద్యార్థి మిత్రులకు వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మాది వ్యవసాయ కుటుంబం. మా తాతయ్య 1964లో మినుములు అమ్మిన డబ్బుతో విజయవాడ వెళ్ళి ఈ రేడియో కొన్నాడట. 1971 డిసెంబరులో యుద్ధవార్తలు వినడానికి వచ్చినవాళ్ళకు మా అరుగు చాలేది కాదని నాయనమ్మ ఇప్పటికీ చెబుతుంది. ట్రాన్సిస్టరు, ఆ తర్వాత టీవీ వచ్చాక ఇది అటకెక్కింది. పోయిన వేసవిలో ఇంటికి వెల్ల వేయిస్తుంటే కిందికి దిగింది. పాత ఇనప సామాన్లవాడికి వేసేద్దామన్నాడు నాన్న. హాస్టలు మిత్రుడొకడు, "లోపలి సరంజామా అంతా పీకేసి బ్లూటూత్ బోర్డు పెట్టెయ్‌రా, హాయిగా పాటలు వినొచ్చు" అన్నాడు. రెండిటికీ నాకు మనసొప్పలేదు. తాతయ్య మాత్రం ఏమీ అనలేదు. స్టేషన్లు తిప్పే నాబు పట్టుకొని అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాడు.

వాల్వు పని తూము పనే

మనం క్లాసులో చదివే డయోడు, ట్రాన్సిస్టరు చేసే పనులే వాల్వూ చేస్తుంది. ఇది గాలి తీసేసిన గాజుబుడ్డి. లోపల వేడెక్కిన కాథోడు నుంచి ఎలక్ట్రానులు వెలువడి, పాజిటివ్ వోల్టేజి ఉన్న ఆనోడు వైపు పోతాయి. 1904లో ఇంగ్లండులో ఫ్లెమింగ్ చేసిన డయోడులో ఉన్నవి ఈ రెండే. 1906లో అమెరికాలో లీ డి ఫారెస్ట్ మూడోదాన్ని చేర్చాడు. అదే గ్రిడ్. కాలవ తూముకు తలుపు వంటిదన్నమాట. తలుపును బెత్తెడు కదిపితే పారే నీరంతా హెచ్చుతగ్గులవుతుంది గదా! అలాగే గ్రిడ్ మీద ఒకటి రెండు వోల్టుల మార్పు ఆనోడు కరెంటు మొత్తాన్ని మారుస్తుంది.

వాల్వు మీద రాసిన పేరే దాని జాతకం. మా సెట్టులో ఉన్నవి ఇసిహెచ్ 81, ఇబిఎఫ్ 89, ఇసిఎల్ 82, ఇజడ్ 80. మొదటి అక్షరం 'ఇ' అంటే ఫిలమెంటుకు 6.3 వోల్టులు కావాలని అర్థం. 'సి' ట్రయోడు, 'హెచ్' హెప్టోడు, 'బి' జంట డయోడు, 'ఎఫ్' పెంటోడు, 'ఎల్' స్పీకరును నడిపే పెద్ద పెంటోడు, 'జడ్' ఏసీని డీసీ చేసే రెక్టిఫయరు. ఒక్కొక్క బుడ్డిలో రెండేసి వాల్వులు ఉండటం వల్లనే పేర్లు పొడుగయ్యాయి.

ఇక స్టేషను పట్టే విధం చూడండి. విజయవాడ మీడియం వేవ్ 837 కిలోహెర్ట్జ్. ఆ స్టేషనుకు తిప్పినప్పుడు, సెట్టులోని ఆసిలేటరు తానుగా 1292 కిలోహెర్ట్జ్ పుట్టిస్తుంది. రెండూ మొదటి వాల్వులో కలిస్తే తేడా 455 వస్తుంది. ఏ స్టేషనుకు తిప్పినా తేడా ఎప్పుడూ ఆ 455 మాత్రమే. కనుక తర్వాతి భాగాలన్నిటినీ ఆ ఒక్క ఫ్రీక్వెన్సీకి అమర్చితే చాలు. దీన్ని సూపర్ హెటెరోడైన్ పద్ధతి అంటారు. 1918లో ఆర్మ్‌స్ట్రాంగ్ కనిపెట్టాడు. ఆపైన రెండో వాల్వు దాన్ని పెంచి, అందులోని మాటను విడదీస్తుంది. మూడోది ఆ మాటను స్పీకరుకు అందిస్తుంది.

ముందు ప్రాణం, తర్వాత రేడియో

ఈ సెట్టులో 250 వోల్టుల వరకు డీసీ ఉంటుంది. ప్లగ్గు పీకినా పెద్ద కండెన్సర్లలో ఛార్జి నిలిచి ఉండవచ్చు. ముట్టుకొనే ముందు 10 కిలో ఓముల 5 వాట్ల రెసిస్టెన్సును ఇన్సులేషను ఉన్న తీగలతో కొన్ని క్షణాలు అడ్డంగా పెట్టి ఆ ఛార్జిని దింపాలి. తర్వాత మీటరుతో సున్నా చూసుకోవాలి. ఒంటరిగా ఉన్నప్పుడు ఈ పని పెట్టుకోరాదు.

ఇంకొక జాగ్రత్త. పేర్లు 'యు' తో మొదలయ్యే వాల్వులున్న సెట్లు చాలావాటిలో మెయిన్సు ట్రాన్స్‌ఫార్మరు ఉండదు. కరెంటు తీగ ఒకటి నేరుగా ఇనప ఛాసిస్‌కే కలిపి ఉంటుంది. ప్లగ్గు తిరగబడితే ఛాసిస్ అంతా షాకే. అటువంటి సెట్టును, ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మరు లేకుండా, కొత్తవాళ్ళు విప్పకపోవడమే మంచిది.

కళ్ళతో చేసే రిపేరు

మా మండలకేంద్రంలో ఒకప్పుడు రేడియోలు బాగుచేసిన పెద్దాయన ఉన్నారు. ఇప్పుడు ఫ్యాన్లు, మిక్సీలు చూస్తున్నారు. "బాబాయిగారూ, ముందు ఏం చెయ్యమంటారు?" అనడిగితే, "మీటరు జోలికి పోకు. ముందు గంటసేపు ఊరికే చూడు" అన్నారు. చూస్తే తెలిసింది. ఎలుకలు మెయిన్సు వైరు కొరికేశాయి. అడుగున గుప్పెడు వడ్ల పొట్టు. స్టేషను ముల్లును కదిపే తాడు తెగిపోయింది. మైనం పూసిన కాగితపు కండెన్సర్లు పగిలి కారాయి.

ఈ కాగితపు కండెన్సర్లలో ఒకటి మరీ ప్రమాదకరం. అది ట్రయోడు ఆనోడుకు, అవుట్‌పుట్ వాల్వు గ్రిడ్‌కు మధ్య ఉంటుంది. మాటను పోనిచ్చి డీసీని ఆపడం దాని పని. అది లీకైతే గ్రిడ్ మీదికి పాజిటివ్ వోల్టేజి చేరుతుంది, అంటే తూము తలుపు తెరుచుకొని ఉండిపోయినట్టే. కరెంటు మితిమీరి వాల్వు, దాని ట్రాన్స్‌ఫార్మరు కాలుతాయి. అందుకని కరెంటు ఇవ్వకముందే దాన్ని తీసి 0.01 మైక్రోఫారడ్, 630 వోల్టుల పాలియెస్టరు కండెన్సరు వేశాను.

బల్బు చెప్పిన సాక్ష్యం

తర్వాత 100 వాట్ల ఫిలమెంటు బల్బును రేడియోకు సీరీసులో కలిపాను. ఇందుకు ఎల్.ఇ.డి. బల్బు పనికిరాదు. లోపల షార్టు ఉంటే బల్బు వెలిగి, కరెంటును అదుపులో ఉంచుతుంది. స్విచ్చి వేయగానే బల్బు ఒక క్షణం బాగా వెలిగి తగ్గింది. చల్లని ఫిలమెంట్ల రెసిస్టెన్సు తక్కువ కాబట్టి అది సహజమే. కానీ అరనిమిషం తర్వాత మళ్ళీ వెలుగు పెరగసాగింది. వెంటనే ఆపేశాను. అరనిమిషమంటే రెక్టిఫయరు వాల్వు వేడెక్కడానికి పట్టే సమయం. అంటే తప్పు రెక్టిఫయరు దాటిన తర్వాతనే ఉంది. అక్కడ ఉన్నది పెద్ద ఎలక్ట్రోలిటిక్ కండెన్సరు. మీటరు బ్యాటరీ ఇచ్చే కొద్దిపాటి వోల్టేజి దగ్గర అది బాగానే కనబడింది. ఏళ్ళ తరబడి వాడకపోతే లోపలి ఆక్సైడు పొర పాడవుతుంది, ఎక్కువ వోల్టేజి వచ్చినప్పుడే లీకు బయటపడుతుంది. దాన్ని మార్చాక బల్బు మందంగానే నిలిచింది.

చివరి మడి నుంచి పైకి

ఇప్పుడు సన్నగా గుర్రుమనే చప్పుడు తప్ప స్టేషను లేదు. చివరి మడికి నీరు రాకపోతే మనం కాలవ వెంట పైకి నడుస్తూ గండి ఎక్కడో చూస్తాం. ఇక్కడా అదే పని. సెట్టు వెనుక గ్రామఫోను పికప్ కోసం పెట్టిన సాకెట్టుకు సెల్‌ఫోను పాట కలిపాను. పాట స్పీకరులో నిండుగా వచ్చింది. కనుక మూడో వాల్వు నుంచి కిందికి అంతా బాగానే ఉంది.

ఇక ఆసిలేటరు పరీక్ష. రేడియోను 600 దగ్గర పెట్టి, పక్కన చిన్న ట్రాన్సిస్టరును 1055 చుట్టూ తిప్పాను. ఆసిలేటరు పనిచేస్తుంటే అక్కడ బుసబుస ఆగి నిశ్శబ్దమో, ఈలో వినబడాలి. ఏమీ లేదు. ఆ ట్రయోడు ఆనోడు దగ్గర వోల్టేజి చూస్తే సున్నా. దానికి కరెంటు అందించే 33 కిలో ఓముల రెసిస్టెన్సు లోపల తెగిపోయి ఉంది. పైకి రంగు చారలు కూడా చెదరలేదు! కొత్తది వేశాను. ముల్లుకు నైలాను తాడు చుట్టాను. బాబాయిగారు తన డబ్బాలోంచి బెంగుళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ వారి పాత వాల్వు ఒకటి స్పేరుగా ఇచ్చి డబ్బు పుచ్చుకోలేదు. మొత్తం ఖర్చు 700 రూపాయలు దాటలేదు.

ఆ సాయంత్రం విజయవాడ వచ్చింది. తాతయ్య వార్తలు విన్నాడు, తర్వాత ఎరువుల మీద ప్రసంగం విన్నాడు. ఈ సెట్టుకు ఎఫ్.ఎం. రాదు. ఆ సంగతి ఆయనకు అక్కరలేదు.

బ్లూటూత్ బోర్డు ఎందుకు పెట్టలేదని మిత్రుడు మళ్ళీ అడిగాడు. ఆ బోర్డు చెడితే పారేసి ఇంకొకటి కొనాలి, ఎందుకు చెడిందో అది మనకు చెప్పదు. ఈ రేడియోలో మాత్రం ప్రతి భాగాన్నీ వేలుపెట్టి చూపి, దాని పని ఇదీ అని చెప్పవచ్చు. మూడేళ్ళుగా బోర్డు మీద గీసుకున్న సర్క్యూట్లు నాకు చేతికి తగిలింది ఇక్కడే.

చివరగా మన విద్యార్థి సంఘానికి ఒక మనవి. నెలకు ఒక శనివారం సాయంత్రం, లెక్చరర్ల సమక్షంలో, చెడిన పరికరాలు విప్పి చూసే ఏర్పాటు చేయవలసింది. పూర్వ విద్యార్థులు తమ ఇళ్ళల్లో మూలపడిన రేడియోలుంటే పంపవలసింది. పాత మెకానిక్కులు చేయి వణకకముందే వారిని పిలిపించుకొని నేర్చుకుందాం. సోల్డరింగు ఇనుము నేను తెస్తాను.