ప్రొస్టేట్ చుట్టూ ఉండే కొవ్వు – కుటుంబాలు తెలుసుకోవలసిన సంగతులు



ప్రొస్టేట్ క్యాన్సర్‌కు ఆపరేషన్ జరిగిన కొద్ది రోజులకు కుటుంబసభ్యుల చేతికి ఒక రిపోర్టు వస్తుంది. కణితి గ్రంథిని దాటి చుట్టూ ఉన్న కొవ్వులోకి పాకిందని కొందరి రిపోర్టులో ఉంటుంది. అది చూసిన ఇంటివారు "డాక్టరుగారూ, నాన్నగారికి నెయ్యి, నూనె మానిపించాలా?" అని అడుగుతుంటారు. రిపోర్టులో ఉన్న కొవ్వు మనం తినే కొవ్వు కాదు, శరీరం లోపల ఆ గ్రంథిని ఆనుకుని ఉండే కొవ్వు. అయితే ఆ కొవ్వుకూ, క్యాన్సర్‌కూ, మన శరీర బరువుకూ సంబంధం ఉందని గత కొన్నేళ్ల పరిశోధనలు చెబుతున్నాయి. అందుకే ఈ సంచికలో ఆ విషయం వివరిస్తున్నాం.

గ్రంథి ఎక్కడ ఉంటుంది?

ప్రొస్టేట్ మగవారికి మాత్రమే ఉండే గ్రంథి. మూత్రాశయానికి కింద, మూత్రనాళాన్ని చుట్టుకుని ఉంటుంది. యుక్తవయస్సులో అక్రోటు కాయంత ఉండి, వయస్సుతోపాటు పెరుగుతుంది. వీర్యంలో కొంత భాగాన్ని తయారు చేయడం దీని పని. దీని ముందువైపున, పక్కల మెత్తటి కొవ్వు ఉంటుంది. గ్రంథికి వెళ్లే రక్తనాళాలు, నరాలు ఆ కొవ్వులో నుండే వెళతాయి. గ్రంథికీ కొవ్వుకూ మధ్య ఉన్న పొర చాలా పలుచనిది. కొన్నిచోట్ల అది స్పష్టంగా ఉండదు కూడా.

క్యాన్సర్ గ్రంథి లోపలే ఉంటే డాక్టర్లు దానిని టి1 లేక టి2 అంటారు. గ్రంథిని దాటి చుట్టూ ఉన్న కొవ్వులోకి వస్తే టి3 అంటారు. టి3 అని రాసి ఉంటే ఆశ వదులుకోవలసిన పని లేదు. ఆపరేషన్, రేడియేషన్, హార్మోన్ చికిత్సలను అవసరాన్ని బట్టి కలిపి ఇస్తారు. వాటితో ఎంతోమంది ఏళ్ల తరబడి బాగుంటున్నారు.

కొవ్వు ఊరికే కూర్చోదు

కొవ్వు అంటే శరీరం దాచుకున్న నిల్వ మాత్రమేనని ఒకప్పుడు అనుకునేవారు. నిజానికి కొవ్వు కణాలు రకరకాల రసాయనాలను విడుదల చేస్తాయి. 2016లో ఫ్రాన్స్ దేశంలోని టూలూజ్ నగర శాస్త్రజ్ఞులు ప్రొస్టేట్ చుట్టూ ఉండే కొవ్వు మీద చేసిన పరిశోధనను ప్రచురించారు. ఆ కొవ్వు కణాలు సి.సి.ఎల్.7 అనే పదార్థాన్ని వదులుతాయి. దానిని గుర్తించే గ్రాహకం క్యాన్సర్ కణాల మీద ఉంటుంది. చీమలు బెల్లం వాసన పట్టుకుని వచ్చినట్టు, క్యాన్సర్ కణాలు ఆ పదార్థం ఎక్కువగా ఉన్న వైపుకు కదులుతాయి. స్థూలకాయం ఉన్నప్పుడు ఈ పదార్థం మరింత ఎక్కువగా వస్తుందని వారు చూపించారు. ఆ గ్రాహకాన్ని అడ్డుకుంటే ప్రయోగాలలో కణాల కదలిక తగ్గింది.

ఇంతే కాదు. ఈ కొవ్వు ఐ.ఎల్.6 వంటి వాపు కలిగించే పదార్థాలను కూడా తయారు చేస్తుంది. క్యాన్సర్ కణాలు పక్కనున్న కొవ్వు కణాల నుండి కొవ్వు ఆమ్లాలను తీసుకుని ఇంధనంగా వాడుకోగలవు. అంటే గ్రంథిని దాటిన క్యాన్సర్‌కు అక్కడ దారీ, ఆహారమూ రెండూ దొరుకుతున్నాయన్నమాట.

బరువుకు, ఈ జబ్బుకు సంబంధం ఏమిటి?

ప్రపంచ క్యాన్సర్ పరిశోధనా నిధి 2014లో ఇచ్చిన నివేదికలో, అధిక బరువు ఉన్నవారికి ముదిరిన ప్రొస్టేట్ క్యాన్సర్ వచ్చే అవకాశం ఎక్కువని తేల్చింది. లావుగా ఉన్న ప్రతివారికీ ఈ జబ్బు వస్తుందని దీని అర్థం కాదు. సన్నగా ఉన్నవారికి రాదని కూడా కాదు. వయస్సు, వంశం ముఖ్యమైన కారణాలు. తండ్రికి గాని సోదరునికి గాని ఈ జబ్బు ఉంటే, ముప్పు సుమారు రెట్టింపు అవుతుంది.

మరొక సంగతి. లావుగా ఉన్నవారి శరీరంలో రక్తం పరిమాణం ఎక్కువ. అందువల్ల పి.ఎస్.ఎ. పరీక్షలో అంకె కొంత తక్కువగా కనబడవచ్చని 2007లో వచ్చిన ఒక అధ్యయనం తెలిపింది. కాబట్టి రిపోర్టులో అంకె ఒక్కటి చూసి ఇంట్లోనే నిర్ణయానికి రావద్దు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉన్నా, గ్రంథి మామూలుగా పెరిగినా కూడా ఆ అంకె పెరుగుతుంది. డాక్టరు చేతి పరీక్ష, అవసరమైతే ఎమ్.ఆర్.ఐ., బయాప్సీ కలిపి చూస్తేనే నిజం తెలుస్తుంది.

మనం ఏమి చేయవచ్చు?

* నడుము కొలత చూసుకోండి. బొడ్డు దగ్గర టేపు పెట్టి కొలిస్తే మన దేశపు మగవారికి 90 సెంటీమీటర్లు, అంటే సుమారు 35 అంగుళాలు దాటకూడదు.
* రోజూ అరగంట చురుకుగా నడవండి. ఆదివారం ఆరాధనకు నడిచి వెళ్లగలిగిన దూరమైతే ఆటో ఎక్కకండి.
* అన్నం కొంచెం తగ్గించి కూర, పప్పు, ఆకుకూరలు పెంచండి. బజ్జీలు, పకోడీలు, మిఠాయిలు ఎప్పుడో ఒకసారి చాలు. ప్రేమ విందులో రెండోసారి వడ్డించేవారికి "చాలు" అని చెప్పడం అమర్యాద కాదు.
* హార్మోన్ చికిత్స తీసుకుంటున్నవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. ఆ మందుల వల్ల కండ తగ్గి కొవ్వు పెరుగుతుంది, ఎముకలు బలహీనపడతాయి. డాక్టరును అడిగి నడకతోపాటు కండలకు పని చెప్పే తేలికపాటి వ్యాయామం చేయండి.

బరువు తగ్గడం వైద్యానికి తోడే గాని, దానికి బదులు కాదు. ఉపవాసంతోనో, కషాయంతోనో ఈ క్యాన్సర్ పోతుందని ఎవరైనా చెబితే నమ్మి చికిత్స మానవద్దు. చికిత్స మధ్యలో ఉన్నవారు ఉపవాసం ఉండదలిస్తే ముందుగా డాక్టరుతో మాట్లాడండి. కారణం లేకుండా బరువు తగ్గిపోతుంటే అది మంచి గుర్తు కాదు, వెంటనే చూపించుకోండి.

ఈ జబ్బు తొలి దశలో చాలామందికి ఏ బాధా ఉండదు. మూత్రం సన్నగా రావడం, రాత్రి పలుమార్లు లేవవలసి రావడం ఎక్కువగా వయస్సుతో గ్రంథి పెరగడం వల్లనే. అయినా పరీక్ష చేయించుకోవాలి. మూత్రంలో రక్తం కనబడినా, నడుములో, తుంటిలో తగ్గని నొప్పి ఉన్నా ఆలస్యం చేయకూడదు. యాభై దాటినవారు, కుటుంబంలో ఈ జబ్బు ఉన్నవారు ఇంకా ముందుగానే, పి.ఎస్.ఎ. పరీక్ష తమకు అవసరమా అని డాక్టరుతో మాట్లాడాలి.

మన పెద్దవారు ఇటువంటి మాటలు బయటికి చెప్పుకోవడానికి సిగ్గుపడతారు. కొడుకులారా, అల్లుళ్లారా, మీరే ముందుగా అడగండి. తల్లులారా, రాత్రి ఆయన ఎన్నిసార్లు లేస్తున్నారో మీకే బాగా తెలుసు, ఆ మాట మాతో చెప్పండి. దేహం దేవుడు అప్పగించిన వరమని నమ్మే మనం, దానిలో వచ్చిన ఇబ్బందిని వైద్యునితో చెప్పడానికి సిగ్గుపడనక్కరలేదు. ప్రభువు మీ కుటుంబాలను ఆరోగ్యంతో కాపాడును గాక.