తుపాకి గలదని చెప్పిన చోదకుడు

అమెరికా సంయుక్త రాష్ట్రములలో తుపాకి ధరించుట పౌరునకు రాజ్యాంగసిద్ధమైన హక్కు. గృహరక్షణార్థము తుపాకి యుంచుకొనుట ఆ హక్కులోనిదేయని 2008లో హెల్లర్ వ్యాజ్యమునందును, ఇల్లు వెడలి వీథిలో ధరించి తిరుగుటయు నందులోనిదేయని 2022లో బ్రూయెన్ వ్యాజ్యమునందును అచటి సుప్రీంకోర్టు నిర్ణయించెను. అయితే ఆ హక్కు గల పౌరుడు కారు నడుపుకొని పోవుచుండగా, వెనుకనుండి దీపములు వెలిగించుకొని వచ్చిన పోలీసు అధికారి ఆపించినపుడు, ఒకరినొకరు ఎఱుగని సాయుధులిద్దరు కారు కిటికీకి ఆవలొకడు ఈవలొకడుగా నిలిచెదరు. వారిలో అధికారి భయమునకు న్యాయస్థానమున మన్నన దొరకును. చోదకుని భయము నెవరును లెక్కింపరు.

2016 జూలై 6వ తేదీ రాత్రి మిన్నెసోటా రాష్ట్రమున, సెయింట్ పాల్ నగరము చేరువనున్న ఫాల్కన్ హైట్సులో ఫిలాండో క్యాస్టిల్ అను ముప్పది రెండేండ్ల నల్లజాతీయుని కారును జెరోనిమో యానెజ్ అను పోలీసు అధికారి ఆపెను. బ్రేకు దీపము వెలుగుటలేదని చోదకునితో చెప్పెనే గాని, ఒక దోపిడిలో అనుమానితుని పోలికలు అతనిలో కనబడినవనునదియు ఆపుటకు కారణమే. క్యాస్టిల్ ఒక పాఠశాలలో భోజనశాల పర్యవేక్షకుడు. ఏ బిడ్డకు పాలు పడవో కూడ జ్ఞాపకముంచుకొనువాడని తోడి యుద్యోగులు చెప్పిరి. తుపాకి ధరించుటకు అతనికి అనుమతిపత్రము గలదు. లైసెన్సును, బీమా కాగితమును చూపుమని అధికారి యడుగగా, బీమా కాగితము నందించి, తన యొద్ద తుపాకి యున్నదని మర్యాదగా విన్నవించెను. అడుగనిదే చెప్పితీరవలెనను నిర్బంధము ఆ రాష్ట్రమున లేదు. అతడు తనంతట తానే చెప్పెను. దానిని తీయవద్దని అధికారి యనెను, తీయుటలేదని అతడనెను, ప్రక్కనున్న స్త్రీయు నదే చెప్పెను, అంతలోనే ఏడు గుండ్లు ప్రేలెను. మాటలు మొదలైనది లగాయతు కాల్పుల దాక గడచినది సుమారు 40 సెకన్లు. వెనుక సీటులో నాలుగేండ్ల బాలిక యుండెను.

ఈ కొద్దిపాటి కాలమును నిదానించి చూడవలెను. లైసెన్సు జేబులో నుండును; చూపుమన్నపుడు చేయి అటు పోక తప్పదు. చూపుమని చెప్పినవాడే, తుపాకి మాట విన్నంతనే, చేయి కదలుటను ప్రాణాంతక చర్యగా భావించెను. మొదటి యాజ్ఞను పాలించినచో రెండవదానిని మీఱినట్లగు సంకటములో చోదకుడు చిక్కుకొనెను. నరహత్యానేరము మోపబడిన అధికారి, తుపాకి తీయుచున్నాడని తలచి ప్రాణభీతిచే కాల్చితినని వాదింపగా, 2017 జూన్ 16న జ్యూరీ ఆతనిని నిర్దోషియని విడిచిపుచ్చెను.

న్యాయస్థానములును చాలవఱకు అధికారి పక్షముననే నిలిచినవి. 1968 నాటి టెర్రీ తీర్పు, ఎదుటివాడు సాయుధుడై ప్రమాదకరుడుగా కూడ సహేతుకముగా తోచినపుడే ఒడలు తడిమి చూడవచ్చుననెను. 1977లో మిమ్స్ వ్యాజ్యమున, గడువు తీరిన నంబరు ప్లేటుకై ఆపిన చోదకుని సైతము కారు దిగుమని ఆజ్ఞాపింపవచ్చునని తేలెను. 2017లో నాలుగవ సర్క్యూటు అప్పీలు కోర్టు ఇంకను ముందుకు పోయి, చట్టప్రకారము ఆపబడినవాని యొద్ద ఆయుధమున్న చాలును, అనుమతిపత్రమున్నను వాడు ప్రమాదకరుడే యనెను. ప్రభుత్వమే యిచ్చిన అనుమతితో తుపాకి ధరించిన పౌరుడు, బ్రేకు దీపము చెడినంతమాత్రమున ప్రమాదకరుడగుట నాకు న్యాయముగా తోచదు. ఆపిన పని ముగిసిన పిమ్మట, వేఱు అనుమానము లేనిదే, కుక్కచే వాసన చూపించుటకై నిలిపియుంచరాదని 2015లో రోడ్రిగెజ్ తీర్పు మాత్రము ఒక హద్దు గీచెను.

తుపాకి యున్నదని ముందుగా చెప్పవలెనా యను విషయమున రాష్ట్రమునకొక నియమము. మిషిగన్, ఉత్తర కరోలినాలలో అడుగకయే చెప్పవలెను. ఒహాయోలో 2022 నుండి అడిగినపుడు చెప్పిన చాలును. డాలస్, హ్యూస్టన్ ప్రాంతములలో స్థిరపడిన మన తెలుగువారికి ఇది పరాయి ముచ్చట కాదు. టెక్సాసున 2021 సెప్టెంబరు నుండి అర్హులు అనుమతిపత్రము లేకయే తుపాకి ధరింపవచ్చును గాని, హెచ్-1బి, విద్యార్థి వీసాలపై నున్నవారు, వేట లైసెన్సు వంటి కొలది మినహాయింపులు తప్ప, తుపాకి కలిగియుండుటయే ఫెడరల్ నేరము. మఱియొక సంగతి: మన యూళ్ళలో పోలీసు చేయి చూపినపుడు బండి దిగి, కాగితములు పట్టుకొని ఆయన కడకు పోవుట వాడుక, అచట పిలువనిదే దిగుట బెదిరింపుగా కనబడును. చేతులు స్టీరింగుపై నుంచి కూర్చున్నచోటనే యుండి, లైసెన్సు ఏ జేబులో నున్నదో చెప్పి, సరేయన్న పిదపనే చేయి కదపవలెను.

మిన్నెసోటా చోదకుల కరపుస్తకమున తరువాతి కాలమున, తుపాకి గలవారు ఆపబడినపుడు నడచుకొనవలసిన తీరు చేర్చబడినది. అందుకు పాటుపడినవారిలో క్యాస్టిల్ తల్లియు నొకరు. కాని అది చోదకునికి చెప్పిన పాఠము. శిక్షణ పొందినవాడును, ఆజ్ఞ యిచ్చువాడును అధికారియే. తుపాకి మాట చెవిని బడినంతనే, చేతులు స్టీరింగుపై నుంచుమనియు, లైసెన్సు ఇప్పుడక్కఱలేదనియు ఆయనయే స్పష్టముగా చెప్పవలెను. ఈ రెండు మాటలు ప్రతి పోలీసు శాఖ విధినియమములలో నెక్కవలెను. చెప్పక కాల్చిన అధికారిని విచారించునపుడు న్యాయస్థానము మొట్టమొదట అడుగవలసిన ప్రశ్నయు, ఆ మాటలేల చెప్పలేదనునదియే కావలెను.