దారి పక్క గుడారాల్లో హత్యలు.. హైదరాబాద్ నుంచి లండన్ దాకా వెళ్లిన థగ్గుల కథ.. ఆ పుస్తకాల్లో నిజమెంత?

చార్మినార్ పక్కనే లాడ్ బజార్. లక్క గాజులంటే గుర్తొచ్చేది ఈ వీధే. ఇప్పుడైతే బస్సో, మెట్రోనో, ఆటోనో పట్టుకుని ఎక్కడి నుంచైనా గంటల్లో ఇక్కడికి వచ్చేయొచ్చు. కానీ 200 ఏళ్ల క్రితం పరిస్థితి వేరు. హైదరాబాద్‌కు రైలు వచ్చిందే 1874లో. అంతకు ముందు పాతబస్తీ బజార్లకు సరుకైనా, సొమ్మైనా, మనిషైనా ఎడ్లబండి మీదో, గుర్రం మీదో, కాలినడకనో రావాల్సిందే. రోజుల తరబడి ప్రయాణం. చీకటి పడితే ఊరి బయట మామిడితోపులో, చెరువు గట్టున మకాం.

అలా మకాం వేసిన వాళ్లలో కొందరు తెల్లారేసరికి కనిపించకుండా పోయేవారు. శవం లేదు, రక్తం మరక లేదు, ఫిర్యాదు చేసేవాళ్లు లేరు. వాళ్లను మాయం చేసినవాళ్లే థగ్గులు. ఆ హత్యల మీద వచ్చిన పుస్తకాలు అప్పట్లో లండన్‌లో సంచలనం. వాటిలో బాగా పేరున్న పుస్తకం రాసింది నిజాం కొలువులో పనిచేసిన ఓ ఆఫీసర్. ఇంతకీ ఆ పుస్తకాలు చెప్పిందంతా నిజమేనా?

అసలు హత్యలు ఎలా జరిగేవి?

హిందీలో ఠగ్ అంటే మోసగాడు. తెలుగులో టక్కరి అంటాం కదా, దాదాపు అదే అర్థం. వీళ్లు దారిలో అడ్డం పడి దోచుకునే రకం కాదు. బాటసారుల్లా, వ్యాపారుల్లా, సెలవు మీద ఊరెళ్లే సిపాయిల్లా వేషం వేసేవారు. "దారిలో దొంగల భయం ఉంది, అందరం కలిసి పోదాం" అంటూ మాట కలిపేవారు. రెండు మూడు రోజులు కలిసి నడిచి, కలిసి తిని నమ్మకం కుదుర్చుకునేవారు.

ముఠాలో ఒక్కొక్కరికి ఒక్కో పని. తీపి మాటలతో బాటసారిని ముగ్గులోకి దించేవాడు 'సోథా'. రుమాలుతో మెడ బిగించేవాడు 'భుర్తోత్'. గొయ్యి తవ్వేవాడు 'లుఘా'. ఎక్కడ చంపాలో, ఎక్కడ పూడ్చాలో ముందే చూసి పెట్టుకునేవారు. మకాం దగ్గర అందరూ కబుర్లలో ఉండగా పొగాకు తెమ్మన్నట్టు ఏదో మామూలు మాట వినిపిస్తుంది. అదే సిగ్నల్. క్షణాల్లో పని అయిపోయేది.

మరి ఎవరికీ అనుమానం రాలేదా? దానికి కారణాలున్నాయి. చనిపోయింది ఊరుగాని ఊరి మనిషి. ఇంటి దగ్గర వాళ్లకు అతను రాలేదని అర్థమయ్యేసరికే నెలలు గడిచేవి. పైగా దారి నిజాం రాజ్యంలో మొదలై నాగ్‌పూర్ భోంస్లేల ప్రాంతం మీదుగా కంపెనీ ఇలాకాలోకి పోయేది. ఒకచోట చంపి సరిహద్దు దాటేస్తే అడిగేవాడే లేడు. దోపిడీలో వాటా తీసుకుని థగ్గులకు నీడనిచ్చిన జమీందార్లూ ఉన్నారు. జీతం డబ్బులతో సెలవు మీద వెళ్లే సిపాయిలు మాయమవుతుండడంతో 1810లోనే కంపెనీ సైన్యం హెచ్చరిక జారీ చేసింది. నగదు మోయొద్దు, హుండీల రూపంలో పంపుకోండి, ముక్కూమొహం తెలియని వాళ్లతో కలిసి ప్రయాణం చేయొద్దు అని.

హైదరాబాద్‌తో లింక్ ఏంటి?

ఫిలిప్ మెడోస్ టేలర్. 1808లో లివర్‌పూల్‌లో పుట్టాడు. 15 ఏళ్లకే ఓ వ్యాపారి దగ్గర పని కోసం బొంబాయిలో దిగాడు. తీరా చూస్తే ఆ వ్యాపారమే దివాలా తీసే స్థితిలో ఉంది. దాంతో 1824లో నిజాం సైన్యంలో చేరాడు. ఇక్కడి భాషలు నేర్చుకున్నాడు. హైదరాబాద్‌లో పేరున్న బ్యాంకర్ విలియం పామర్ కూతుర్ని పెళ్లి చేసుకున్నాడు. కొంతకాలం నిజాం రాజ్యంలో పోలీసు బాధ్యతలు కూడా చూశాడు.

1830ల మొదట్లో మధ్య భారతంలో స్లీమన్ అనే ఆఫీసర్ థగ్గుల గుట్టు లాగడం మొదలుపెట్టాడు. ఆ తీగ నిజాం రాజ్యం దాకా వచ్చింది. పట్టుబడిన వాళ్ల వాంగ్మూలాలు రాసుకునే పని టేలర్‌కు పడింది. ఆ అనుభవంతోనే ఆయన 'కన్ఫెషన్స్ ఆఫ్ ఎ థగ్' రాశాడు. సెలవు మీద ఇంగ్లండ్‌లో ఉన్నప్పుడు, 1839లో, లండన్‌లో మూడు సంపుటాలుగా అది అచ్చయింది. విక్టోరియా రాణి కూడా ఆసక్తి చూపిందని టేలర్ ఆత్మకథలో ఉంది.

అది నవలే. కానీ జైల్లో ఉన్న అమీర్ అలీ అనే థగ్గు తన జీవితాన్ని ఓ తెల్లదొరకు చెప్తున్నట్టు సాగుతుంది. అమీర్ అలీ ముఠా హైదరాబాద్‌కు వస్తుంది. హుస్సేన్ సాగర్, చార్మినార్ కథలో కనిపిస్తాయి. దోచిన సొమ్మును అమ్ముకోవాలంటే పెద్ద బజారున్న నగరం కావాలి కదా! తాను పాలుపంచుకున్న హత్యలు 719 అని అమీర్ అలీ లెక్క చెప్తాడు. జైలుపాలు కాకపోతే వెయ్యి దాటేవాడినన్నట్టు మాట్లాడతాడు. చదివేవాళ్ల వెన్నులో వణుకు పుట్టించేది ఆ గొప్పలు చెప్పుకునే తీరే.

దీనికంటే ముందు, 1836లో స్లీమన్ రాసిన 'రామసీయానా' కలకత్తాలో అచ్చయింది. అది థగ్గుల రహస్య భాషకు నిఘంటువు. దాంతో పాటు వాళ్లతో జరిపిన సంభాషణలూ ఉన్నాయి. అందులో స్లీమన్ బయటపెట్టిన విషయం ఇప్పటికీ ఒళ్లు గగుర్పొడిచేదే. నర్సింగ్‌పూర్‌లో తాను మేజిస్ట్రేట్‌గా ఉన్న రోజుల్లోనే తన కోర్టుకు 400 గజాల దూరంలోని ఊళ్లో థగ్గుల ముఠా ఒకటి కాపురముందట. ఒక రోజు ప్రయాణం దూరంలోని మందేసర్ తోపులు పెద్ద హత్యాస్థలమట. ఆయనకు అప్పుడు ఏమీ తెలియలేదు.

చిక్కు ఎక్కడుంది?

ఈ పుస్తకాలన్నిటికీ మూలం ఒక్కటే. అప్రూవర్లు. అంటే నేరంలో పాల్గొని, ఉరి తప్పించుకోవడానికి సాక్షులుగా మారినవాళ్లు. ప్రాణం నిలవాలంటే వాళ్లు చెప్తూనే ఉండాలి. ఇంకో పేరు, ఇంకో గొయ్యి, ఇంకో ముఠా. ఎంత ఎక్కువ చెప్తే అంత విలువ.

దీనికి తోడు 1836లో కొత్త చట్టం వచ్చింది. ఫలానా హత్య చేశాడని రుజువు కానక్కర్లేదు. థగ్గుల ముఠాకు చెందినవాడని తేలితే చాలు, యావజ్జీవ కఠిన శిక్ష. అప్పటి లెక్కల ప్రకారం 1831 నుంచి 1837 మధ్య 3,266 మంది పట్టుబడ్డారు. 412 మందిని ఉరి తీశారు. 483 మంది అప్రూవర్లుగా మారారు. మిగతావాళ్లకు ద్వీపాంతరం లేదా జైలు.

అలాగని హత్యలే జరగలేదనడానికి లేదు. అప్రూవర్లు చూపించిన చోట తవ్వితే ఎముకలు బయటపడ్డాయి. తప్పిపోయినవాళ్ల వివరాలు, దొరికిన సొత్తు చాలా కేసుల్లో సరిపోయాయి. హత్యలు నిజం. వాటి చుట్టూ అల్లిన కథలోనే కల్పన కలిసింది.

బెహ్రామ్ కేసు చూడండి. ప్రపంచంలోనే ఎక్కువ హత్యలు చేసినవాడిగా ఇతని పేరు చెప్తారు. సంఖ్య 931. గిన్నిస్ రికార్డుల్లోకీ ఎక్కింది. అయితే చరిత్రకారుడు మైక్ డాష్ పాత రాతప్రతులు తిరగేస్తే వేరే విషయం తెలిసింది. తన చేతులతో చంపింది 125 మంది వరకు, చూస్తుండగా జరిగినవి మరో 150 వరకు అని బెహ్రామే ఒకచోట చెప్పాడు. 931 అనేది అతను ఉన్న ముఠాలు చేసిన హత్యల లెక్క. పుస్తకం నుంచి పుస్తకానికి మారేసరికి మొత్తం ఒక్కడి ఖాతాలో పడిపోయింది.

మొత్తం మృతుల లెక్కా అంతే. 20 లక్షలన్నవాళ్లున్నారు. డాష్ అంచనా సుమారు 50 వేలు. ఎంత తేడానో చూడండి!

కాళికాదేవికి బలి ఇచ్చే రహస్య మత ముఠా అనే ప్రచారమూ ఇలాంటిదే. థగ్గుల్లో హిందువులు, ముస్లింలు ఇద్దరూ ఉన్నారు. దేవిని మొక్కడం, శకునాలు చూడడం ఉన్నాయి కానీ అప్పట్లో అవి లేని వృత్తి ఏది? యుద్ధాలు ఆగిపోయి పని పోయిన సైనికులు, పంటలు లేని రోజుల్లో దారి పట్టినవాళ్లు కూడా ఈ ముఠాల్లో ఉన్నారని కిమ్ వాగ్నర్ లాంటి చరిత్రకారులు వివరించారు. వాళ్ల దృష్టిలో ఇది పూజ కోసం చేసిన పని కాదు, పొట్ట కోసం, సొమ్ము కోసం చేసిన నేరం. కానీ మత ముఠా అంటేనే పుస్తకం అమ్ముడుపోతుంది. 1984లో వచ్చిన 'ఇండియానా జోన్స్ అండ్ ది టెంపుల్ ఆఫ్ డూమ్' సినిమా దాకా అదే బొమ్మ నడిచింది. 2018లో ఆమిర్ ఖాన్, అమితాబ్ నటించిన 'థగ్స్ ఆఫ్ హిందుస్థాన్' టేలర్ నవల ఆధారంగా తీశారని ముందు ప్రచారం జరిగింది. చిత్ర బృందం మాత్రం కాదని చెప్పింది.

ఆస్ట్రేలియా అడవిలో ఏం జరిగింది?

దారిన పోయేవాళ్లను అడవిలో చంపిన కథలు మన దగ్గరే కాదు. ఆస్ట్రేలియాలో సిడ్నీకి నైరుతి దిక్కున బెలాంగ్లో అడవి ఉంది. 1992, 1993 సంవత్సరాల్లో అక్కడ ఏడుగురి శవాలు దొరికాయి. అందరూ వీపున బ్యాగ్ వేసుకుని లిఫ్ట్ అడుగుతూ దేశం తిరిగిన యువతీ యువకులే. ఇవాన్ మిలాట్ అనే వ్యక్తికి 1996లో యావజ్జీవ శిక్ష పడింది. 2019లో జైలు శిక్ష అనుభవిస్తూనే చనిపోయాడు. ఆ కేసు మీద పుస్తకాలు, టీవీ సిరీస్‌లు వచ్చాయి.

రెండు కేసుల్లో పద్ధతి ఒకటే. దూర ప్రయాణం, ఒంటరి చోటు, సాయం చేస్తానంటూ దగ్గరైన అపరిచితుడు, ఆలస్యంగా తెలిసిన మరణం. తేడా సాక్ష్యంలో ఉంది. మిలాట్ కేసులో 1990లో అతని బండిలోంచి దూకి తప్పించుకున్న ఓ బ్రిటిష్ యువకుడి సాక్ష్యం కీలకమైంది. మృతుల వస్తువులు, తుపాకీ భాగాలు దొరికాయి. అంటే అక్కడ బాధితుడి గొంతు కోర్టులో వినిపించింది. థగ్గుల కేసుల్లో వినిపించిన గొంతు దాదాపుగా చంపినవాళ్లదే.

చనిపోయినవాళ్లు ఏమయ్యారు? చాలామంది అంకెలుగా మిగిలారు. ఒకేసారి 40 మందిని చంపిన ఘటనకు థగ్గులు పెట్టుకున్న పేరు 'చాలీస్ రూహ్', అంటే నలభై ప్రాణాలు. 60 మందిని చంపిన దానికి 'సాఠ్ రూహ్'. రికార్డుల్లో కొందరి పేర్లు, ఊర్లు ఉన్నాయి. కానీ జనం గుర్తుపెట్టుకున్నది అమీర్ అలీని, బెహ్రామ్‌ని. ఆ రాత్రి తోపులో పడుకున్న గుమాస్తా ఎవరో, సెలవు మీద బయల్దేరిన సిపాయి కోసం ఇంట్లో ఎవరు ఎదురుచూశారో ఎవరికీ గుర్తు లేదు.

ఇదంతా ఇప్పుడెందుకు?

ఎందుకంటే ఆ పుస్తకాల ప్రభావం అక్కడితో ఆగలేదు. కొందరు మనుషులు పుట్టుకతోనే నేరస్థులు అనే ఆలోచన ఆ రోజుల్లోనే బలపడింది. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం తెచ్చింది. తర్వాత దాన్ని మద్రాస్ ప్రెసిడెన్సీకి కూడా వర్తింపజేశారు. బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం అలా పుట్టిన సెటిల్‌మెంటే. ఏ నేరం చేయనివాళ్లు కూడా పోలీసులకు హాజరు వేయించుకోవాల్సి వచ్చింది. స్వాతంత్ర్యం తర్వాత 1952 ఆగస్టు 31న ఆ చట్టం దేశవ్యాప్తంగా రద్దయింది. కానీ ఊరి పేరు చెప్పగానే అనుమానంగా చూసే చూపు రద్దు కావడానికి ఇంకా చాలా కాలం పట్టింది. కథ ఎవరి మీద చెప్పారో వాళ్ల మనవలు కూడా దాని భారం మోశారు.

ఇప్పుడు క్రైమ్ స్టోరీ కావాలంటే పుస్తకం కొనక్కర్లేదు. ఫోన్‌లో నిమిషానికో వీడియో వస్తుంది. చూడడం తప్పేమీ కాదు. థగ్గుల కథ వల్లే దారుల్లో భద్రత మీద పాలకులకు పట్టింపు వచ్చింది. టేలర్ పుస్తకం ఇప్పటికీ ఆసక్తిగా చదివిస్తుంది. కాకపోతే చూసేటప్పుడు మూడు విషయాలు అడిగి చూడండి. ఈ మాట చెప్తున్నది ఎవరు, చెప్పడం వల్ల అతనికి లాభమేంటి? ఈ అంకె ఎక్కడి నుంచి వచ్చింది, ఒకరి నుంచి ఒకరు ఎత్తుకుందా? చనిపోయిన మనిషి గురించి ఒక్క వివరమైనా ఉందా?

మూడింటికీ జవాబు దొరికితే అది నమ్మదగ్గ కథ. హంతకుడి డైలాగులు తప్ప ఇంకేమీ గుర్తులేకపోతే మాత్రం, అమీర్ అలీ చెప్పిందే మళ్లీ విన్నట్టు.