వరసయు సహవాసమును: జీవపరిణామ శాస్త్రదృష్టిలో మేనరికము

మన యిండ్లలో పెండ్లిమాటలు నడచునపుడు పెద్దలు మొట్టమొదట విచారించునది వరస. మేనమామ కొడుకు బావ యగును. మేనత్త కొడుకును బావయే. పెదతండ్రి కొడుకు అన్న, పినతల్లి కొడుకు తమ్ముడు. మొదటి యిద్దఱితో పెండ్లి కూడును. తరువాతి యిద్దఱితో ఆ తలంపే పాపము. కాని రక్తసంబంధమును మాత్రమే లెక్కించి చూచినచో ఈ నలువురును మనకు ఒకే దూరమున నున్నవారు. సమానదూరమున నున్న బంధువులలో ఒకనిపై అనురాగము పుట్టుట సహజమనియు, మఱియొకనిపై పుట్టుట ఏవగింపుకు తగినదనియు మనకు తోచుచున్నది. ఈ ఏవగింపు కట్టుబాటువలన వచ్చినదా, స్వభావమువలన వచ్చినదా? దీనికి జీవపరిణామ శాస్త్రము చెప్పు సమాధానమును, అది మన మేనరికమునకు ఎంతవఱకు అన్వయించునో ఆ సంగతిని ఇచట పరిశీలింతును.

ఆచారము మిక్కిలి ప్రాచీనమైనది. దక్షిణదేశమువారికి ప్రత్యేకములైన ఐదు ఆచారములను పేర్కొనుచు బౌధాయన ధర్మసూత్రము మేనమామ కూతును, మేనత్త కూతును పెండ్లాడుటను వానిలో చేర్చినది. తమిళ, కన్నడ దేశములలో స్థిరపడిన మనవారికి ఈ విషయమున ఇరుగుపొరుగులతో పేచీ లేదు. వారి వరసలును ఇంచుమించు ఇట్టివే. మహారాష్ట్రమున మేనమామ కూతును చేసికొను కులములు పెక్కు కలవని ఇరావతీ కర్వేగారు 1953లో వెలువడిన తమ బంధుత్వ గ్రంథమున చూపిరి. ఒడిశాలోని మనవారికే చిక్కు. అచ్చటి పొరుగువారిలో పెక్కుమందికి మామ కూతురు చెల్లెలే గనుక మన పెండ్లిపత్రికను చూచి వారు విస్తుపోవుదురు. 1955 నాటి హిందూ వివాహ చట్టము ఇట్టి దగ్గఱి సంబంధములను నిషేధించుచునే, ఆచారము అనుమతించినచోట మినహాయింపు నిచ్చినది.

ఇక శాస్త్రమునకు వత్తము. ప్రతి మనుష్యుడును తనకు తెలియకయే కొన్ని చెడు జన్యువులను మోయుచుండును. అట్టి జన్యువు ఒంటిగా నున్నపుడు సాధారణముగా కీడు చేయదు; తల్లినుండి యొకటి, తండ్రినుండి యొకటి వచ్చి రెండును జతపడినపుడు రోగము బయటపడును. ఏదేని ఒక జన్యువును తీసికొన్నచో, అది ఒకే పూర్వునినుండి రెండువైపులను దిగివచ్చి బిడ్డయందు జతపడు అవకాశము అన్నాచెల్లెండ్ర సంతానమున 4లో 1; మేనమామ, మేనకోడండ్ర సంతానమున 8లో 1; మేనబావ, మేనమరదండ్ర సంతానమున 16లో 1. కావున తోబుట్టువుల పొత్తును రోయు స్వభావము గలవారి సంతానము ఎక్కువగా నిలిచి, ఆ స్వభావము తరతరములకు సంక్రమించినదని పరిణామవాదులు చెప్పుదురు. ఇది మనుష్యులకే పరిమితము గాదు. మన గుడిగోపురములపై తిరుగు కోతులలో మగవి యుక్తవయస్సు రాగానే పుట్టిన మందను విడిచి వేఱొక మందలో చేరును.

ఇంతవఱకు సులభమే. కాని జన్యువులు కంటికి కనబడునవి కావు. వీడు నా తోడబుట్టినవాడని మనస్సునకు తెలియు టెట్లు? ప్రకృతికి గోత్రము తెలియదు, వంశవృక్షము తెలియదు. అది ఏదో యొక గుర్తును ఆధారముగా గొనవలసియున్నది. ఆ గుర్తు బాల్యసహవాసమే యని 1891లో మానవ వివాహ చరిత్రను ప్రకటించిన ఫిన్లండు దేశపు పండితుడు ఎడ్వర్డ్ వెస్టర్‌మార్క్ ప్రతిపాదించెను. పసితనమునుండి ఒకే యింట కలిసి పెరిగినవారికి, రక్తసంబంధము ఉన్నను లేకున్నను, పెద్దవారైన పిమ్మట పరస్పర కామము పుట్టదని ఆయన సిద్ధాంతము. స్వభావమే రోయుచున్నచో చట్టములతో నిషేధింప నేలయని ఫ్రేజర్ ఆక్షేపించెను. ఫ్రాయిడ్ 1913లో ఆ యాక్షేపణనే బలపఱచి, నిషేధము వెనుక నున్నది ఏవగింపు గాదు, అణచివేసిన కోరికయే యనెను. అటుపిమ్మట చాలకాలము ఫ్రాయిడు మాటయే చెల్లినది.

తగవు తీర్చుటకు ఒక ప్రయోగము కావలెను: రక్తసంబంధము లేని బాలబాలికలను కలిపి పెంచి, పెండ్లిచేసి చూడవలెను. అట్టి ప్రయోగమును ఏ శాస్త్రజ్ఞుడు చేయగలడు? అయితే ఉత్తర తైవానులోని చీనా కుటుంబములు దానిని తరములతరబడి తామే చేసియున్నవి. అచ్చట పూర్వము ఒకవిధమైన వివాహము ఉండెడిది. పసికందైన ఆడపిల్లను తెచ్చికొని, కాబోవు భర్తతో కలిపి పెంచి, ఈడు వచ్చిన పిదప పెండ్లిచేసెడివారు. ఆ పిల్లను 'సిమ్‌పువా', అనగా చిన్నకోడలు, అనెడివారు. జపాను ప్రభుత్వకాలమున శ్రద్ధగా వ్రాయబడిన కుటుంబ పట్టికలను ఆర్థర్ వుల్ఫ్ అను అమెరికా పండితుడు దశాబ్దములపాటు పరిశీలించి, తన ఫలితములను 1995లో గ్రంథముగా ప్రకటించెను. పెద్దయైన పిదప వచ్చిన కోడండ్రతో పోల్చినచో చిన్నకోడండ్రకు సంతానము తక్కువ, విడాకులు ఎక్కువ. మూడేండ్ల లోపల తేబడినవారియందు ఈ భేదము మిక్కిలి స్పష్టము. మన పూర్వుల బాల్యవివాహములను దీనితో పోల్చరాదు. మన పిల్ల కాపురమునకు వచ్చువఱకు పుట్టింటనే పెరిగెడిది.

ఇశ్రాయేలులోని కిబ్బుట్సులనెడు సమష్టి గ్రామములయందు పిల్లలను తలిదండ్రులనుండి వేఱుపఱచి వర్గములుగా కలిపి పెంచెడివారు. అట్లు పెరిగినవారి 2,769 వివాహములను జోసెఫ్ షెఫర్ పరిశీలించి 1971లో ప్రకటించెను. మొదటి ఆఱేండ్లును ఎడతెగక ఒకే వర్గమున పెరిగిన జంట అందు ఒక్కటియు లేదు. దీనిపై ఆక్షేపణలు లేకపోలేదు. పెండ్లాడకున్నను ఆకర్షణ యుండవచ్చును గదా యని, అచ్చట పెరిగినవారినే ప్రశ్నించి 2009లో ఇద్దఱు పరిశోధకులు వాదించిరి. నామట్టుకు తైవాను సాక్ష్యమే గట్టిదిగా తోచుచున్నది. కిబ్బుట్సులో ఎవరిని వరింపవలెనో యువతీయువకుల యిష్టము. తైవానులో పెద్దలు బలవంతముచేసినను స్వభావము లొంగలేదు.

గుర్తులు రెండని 2007లో లీబర్‌మన్, టూబీ, కాస్మిడీస్ అను ముగ్గురు అమెరికాలో చేసిన పరిశోధన తెలుపుచున్నది. తన తల్లి పసిబిడ్డను సాకుటను కన్నులార చూచిన పెద్దబిడ్డకు ఆ దృశ్యమే చాలును. చిన్నవానికి ఆ యవకాశము లేదు గనుక కలిసి గడపిన యేండ్ల లెక్కయే ఆధారము. విశేష మేమనగా, ఈ గుర్తులే ఒకచోట ఏవగింపును, మఱియొకచోట వాత్సల్యమును పెంచుచున్నవి. తోబుట్టువునకై త్యాగముచేయు బుద్ధియు వీనినిబట్టియే హెచ్చుచున్నది. బంధువులకై చేయు త్యాగమునకు గణితరూప మిచ్చినది 1964లో హామిల్టన్. దాని బీజమును అంతకుముందే సూచించినవాడు హాల్డేన్. ఈ మహాశయుడు 1957లో మనదేశమునకు వచ్చి, తుదకు భువనేశ్వరమున స్థిరపడి 1964 డిసెంబరు 1వ తేదీన అచ్చటనే మరణించెను. ఆయన తన దేహమును యానాము పొరుగుననున్న కాకినాడలోని రంగరాయ వైద్యకళాశాలకు ఇచ్చివేసెను. ఆయన శిష్యులైన ద్రోణంరాజు కృష్ణారావుగారు ఆంధ్రదేశమున మేనరికములనుగూర్చి పరిశోధించినవారిలో ప్రథమగణ్యులు.

ఇప్పుడు మన వరసలను చూడుడు. అన్నదమ్ముల పిల్లలు ఉమ్మడి యింట కలిసి పెరుగుదురు, వారు అన్నాచెల్లెండ్రు. ఆడపిల్ల అత్తవారింటికి పోవును గనుక ఆమె పిల్లలు వేఱొక యూర పెరిగి, పండుగకో పెండ్లికో వత్తురు, వారు బావమరదండ్రు. ఈ పక్షమున వరసయు సహవాసమును ఒకే త్రోవ నడచుచున్నవి. అయితే వరస అంతయు ఇందుండియే పుట్టినదనలేము. అక్కచెల్లెండ్ర పిల్లలు వేర్వేఱు ఊళ్ళలో పెరిగినను అన్నదమ్ములే. స్వభావము భావమును మాత్రమే ఇచ్చినది. దానిపై నియమమును కట్టినది సమాజము.

వరస యొకవైపు, సహవాస మొకవైపు లాగు సందర్భములే మనకు ముఖ్యములు. పరదేశమున మన కుటుంబములు కొలదిమంది. భాష నిలుచుటకు మేనరికమే యూత యని తలచువారు పెక్కుండ్రు. భర్తను పోగొట్టుకొన్న తోబుట్టువు పిల్లలతో అన్నయింట చేరును. లేదా బావయు బావమఱదియు ఒకే యింట రెండు వాటాలలో కాపురముందురు. పిల్లలు ఒక్క చాపపై నిద్రించి, ఒక్క కంచమున తిని పెరుగుదురు. ప్రేమచేతను, ఆస్తి చెదరకుండుటకును పెద్దలు ఆ యిద్దఱినే ముడిపెట్టజూతురు. పిల్ల 'వాడు నాకు అన్నవంటివాడు' అనును. 'వరసకు బావయే గదా' యని అందఱు నవ్వుదురు. వరసనుబట్టి పెద్దల మాట నిజమే. కాని ఆ పిల్ల చెప్పుచున్నది వరసనుగూర్చి గాదు. తైవాను పట్టికలలో తేలిన సంగతినే ఆమె తన భాషలో చెప్పుచున్నది. దానిని మొండితన మనుట పొరపాటు. అట్లని ఇట్టి పెండ్లిండ్లన్నియు చెడునని నేననను. తైవానులోను చిన్నకోడండ్రు బిడ్డలను కనిరి, కాపురములు చేసిరి.

మన కుటుంబములలో వంశవృక్షములను వ్రాసియుంచుట నేటికిని కలదు. పేరు, గోత్రము, ఎవరి నెవరికిచ్చిరో ఆ వివరము అందుండును. మేనరికపు జంటలకు ఎదురుగా మఱియొక గడి గీచి, ఆఱేండ్లు నిండువఱకు ఎవరు ఎవరియింట పెరిగిరో ముసలివారు జీవించియుండగనే అడిగి వ్రాసికొన్నచో, తైవానులో పట్టికలు చేసిన పనిని మన యింటికాగితములే చేయగలవు.