కారుకు పేరెందుకు?

చలికాలపు ఉదయాన కదలనని మొరాయించే కారును "బుజ్జితల్లీ, ఈ ఒక్కసారికి లేవమ్మా" అని బతిమాలుకునే పెద్దమనిషిని చూసి మనం నవ్వుకుంటాము. యంత్రానికి చెవులు లేవని ఆయనకు మాత్రం తెలియదా?

కారణం మన మనస్సు స్వభావంలోనే ఉన్నది. 1944లో హైడర్, సిమ్మెల్ అనే మనస్తత్త్వ శాస్త్రజ్ఞులు రెండు త్రిభుజాలు, ఒక వృత్తం అటూ ఇటూ కదిలే చిన్న చలనచిత్రాన్ని కొందరికి చూపించారు. చూచినవారిలో దాదాపు అందరూ వాటిని ప్రాణులుగానే వర్ణించారు. ఉత్త ఆకారాలకే ప్రాణం పోసే మనస్సు, రెండు దీపాల కన్నులతో ఎదుట నిలిచే కారును ఊరక విడిచిపెడుతుందా?

పైగా, చెప్పినట్లు నడిచే యంత్రాన్ని మనం పట్టించుకోము. అది మొండికేసినప్పుడే దానికొక బుద్ధి ఉన్నట్లు తోస్తుంది. 2010లో వెలువడిన పరిశోధనలు ఈ మాటనే బలపరిచాయి.

ఋత్విక్ ఘటక్ 1958లో తీసిన 'అజాంత్రిక్' అనే బెంగాలీ చిత్రంలో టాక్సీ నడిపే బిమల్ తన పాత షెవ్రొలే కారును 'జగద్దల్' అని పిలుస్తాడు. లోకం ఎగతాళి చేసినా దానిని విడువలేడు. పేరు పెట్టిన తరువాత వస్తువు వస్తువు కాదు, చుట్టం.

చిక్కు కూడా ఇక్కడనే ఉన్నది. కారును మనిషిగా తలచేవారు దానిని మార్చటానికి అంతగా ఇష్టపడరనీ, ఆ నిర్ణయంలో దాని పనితీరును అంతగా లెక్కించరనీ 2010లోనే మరొక పరిశోధన తెలిపింది.

కనుక ముద్దుగా పేరు పెట్టుకోండి, తప్పులేదు. కాని బ్రేకులు సడలిన నాడు "మా బుజ్జి నన్ను మోసం చేయదు" అని మాత్రం నమ్మకండి. పిలుపు మన తృప్తికి. మరమ్మతు మన ప్రాణానికి.