ఫ్రెండ్‌కి గోధుమ పడదా..? కమ్మటి భోజనం పెట్టొచ్చు.. కానీ పోపులో ఇంగువ దగ్గరే ఉంది అసలు చిక్కు!

ఆదివారం లంచ్‌కి ఫ్రెండ్‌ని పిలిచారు. "వస్తాను కానీ నాకు సీలియాక్ ఉంది, గోధుమ తినకూడదు" అని మెసేజ్ వచ్చింది. చాలామంది ఇచ్చే రిప్లై ఒక్కటే.. "ఓస్ అంతేనా! చపాతీ చేయంలే, అన్నమే పెడతాం." మాట బాగానే ఉంది. కానీ పప్పులో వేసే చిటికెడు ఇంగువ, నిన్న పూరీలు వేయించిన నూనె, గోధుమలు పట్టిన మరలోనే పట్టించిన జొన్నపిండి.. వీటి సంగతేంటి? గోధుమ కంటికి కనిపించకుండా వంటల్లోకి వచ్చేది ఈ దారుల్లోనే.

మంచి విషయం ఏంటంటే, తెలుగువాళ్ల వంటగది ఇలాంటి ఫ్రెండ్‌కి చాలావరకు అనుకూలమే. అన్నం, పప్పు, పులుసు, పచ్చడి, పెరుగు.. వీటిలో దేనికీ గోధుమ అక్కర్లేదు. రుచి విషయంలో రాజీ పడాల్సిన పని అసలే లేదు. జాగ్రత్త పడాల్సింది ఎక్కడో తెలిస్తే చాలు.

అసలు సీలియాక్ అంటే ఏంటి?

గోధుమ, బార్లీ, రై అనే ధాన్యాల్లో గ్లూటెన్ అనే ప్రొటీన్ ఉంటుంది. (ఇక్కడ రై అంటే హిందీలో అనే ఆవాలు కాదు. అది గోధుమ జాతికి దగ్గరి ధాన్యం. ఆవాలు నిక్షేపంగా వాడుకోవచ్చు.) చపాతీ పిండి సాగడానికి కారణం ఈ గ్లూటెనే. సీలియాక్ ఉన్నవాళ్లు దీన్ని తింటే వాళ్ల రోగనిరోధక వ్యవస్థ సొంత చిన్నపేగు మీదే దాడి చేస్తుంది. ఆహారంలోని పోషకాలను పీల్చుకునే సన్నటి వేళ్లలాంటి నిర్మాణాలు పేగు లోపలి గోడకు ఉంటాయి. ఆ దాడితో అవి అరిగిపోతాయి. దాంతో ఎంత తిన్నా ఒంటికి పట్టదు. విరేచనాలు, కడుపు ఉబ్బరం, రక్తహీనత, నీరసం, బరువు తగ్గడం.. ఇలా ఒక్కొక్కరిలో ఒక్కోలా బయటపడుతుంది. పిల్లల్లో అయితే ఎదుగుదల ఆగిపోవచ్చు.

దీనికి మందు లేదు. జీవితాంతం గ్లూటెన్ లేని తిండి తినడమే చికిత్స. ప్రపంచంలో సుమారు 100 మందిలో ఒకరికి ఈ సమస్య ఉంటుందని అంచనా. మన దేశంలో గోధుమ ఎక్కువగా తినే ఉత్తరాదిలో ఎక్కువ, దక్షిణాదిలో తక్కువ కనిపిస్తుంది. అందుకే ఇక్కడ చాలా ఇళ్లలో దీని పేరు కూడా విని ఉండరు. "ఇదేదో కొత్త డైట్ ఫ్యాషన్" అని కొట్టిపారేసేవాళ్లూ ఉంటారు.

'కొంచెం తింటే ఏం కాదులే' అనొచ్చా?

అనకూడదు. సీలియాక్ ఉన్నవాళ్లకి ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఈ మాటే. ఇటలీ పరిశోధకులు 2007లో ప్రచురించిన ఒక అధ్యయనంలో సీలియాక్ ఉన్నవాళ్లకు రోజుకు 50 మిల్లీగ్రాముల గ్లూటెన్ చొప్పున మూడు నెలలు ఇచ్చి చూశారు. అంత తక్కువకే పేగు గోడ దెబ్బతింది. ఒక్క బ్రెడ్ ముక్కలో ఉండే గ్లూటెన్ దీనికి ఎన్నో రెట్లు ఎక్కువ. అంటే ఇక్కడ లెక్క చెంచాల్లో కాదు, పలుకుల్లో!

ఇంకో సంగతి. కొందరికి తిన్న గంటకే కడుపునొప్పి మొదలవుతుంది. కొందరికి బయటికి ఏమీ తెలియదు, కానీ లోపల నష్టం జరుగుతూనే ఉంటుంది. కాబట్టి "పోయినసారి తిన్నావుగా, ఏం కాలేదుగా" అనడం కూడా కరెక్ట్ కాదు. ఎంతసేపు ఉడికించినా, నూనెలో వేయించినా గ్లూటెన్ పోదు.

ఇంగువతో గొడవేంటి?

చాలామందిని ఆశ్చర్యపరిచేది ఇదే. అసలైన ఇంగువ ఒక మొక్క వేరు నుంచి కారే జిగురు. అందులో గ్లూటెన్ ఉండదు. కానీ అది మరీ ఘాటుగా, అంటుకునేలా ఉంటుంది. అలాగే వాడటం కష్టం. అందుకే షాపుల్లో దొరికే ఇంగువలో జిగురుతో పాటు పిండి కలుపుతారు. చాలా బ్రాండ్లలో ఆ పిండి గోధుమపిండో, మైదానో అయి ఉంటుంది. డబ్బా వెనక చూస్తే ఆ వివరం రాసి ఉంటుంది. ఎప్పుడూ చూడలేదంటే ఇప్పుడే ఒకసారి తిప్పి చూడండి.

ఆ డబ్బాలోంచి తీసిన చిటికెడు ఇంగువే పప్పులో, చారులో, సాంబారులో, పులిహోరలో పడుతుంది. రెడీమేడ్ సాంబారు పొడి, రసం పొడి, కొన్ని అప్పడాలు, ఇంగువ వేసిన ఆవకాయ.. వీటన్నిటిలోనూ అదే రావచ్చు. పరిష్కారం కష్టమేం కాదు. బియ్యప్పిండితో చేసిన ఇంగువ కూడా మార్కెట్లో ఉంది. దొరక్కపోతే ఆ రోజుకి ఇంగువ మానేసి వెల్లుల్లి పోపు పెట్టేయండి.

ఏవి ఓకే? ఏవి వద్దు?

పేర్లు చూసి మోసపోకూడదు. ఇడ్లీ రవ్వ పేరులో రవ్వ ఉన్నా అది బియ్యానిదే, కాబట్టి ఓకే. ఉప్మా చేసే బొంబాయి రవ్వ గోధుమది, వద్దు. మామూలు దోశ ఓకే, రవ్వ దోశ వద్దు. పెసరట్టు ఓకే, అందులో పెట్టే ఉప్మా వద్దు. మైసూరు బోండాలో మైదా ఉంటుంది. మంచూరియా, చికెన్ 65 పైన పిండిలో మైదా కలిపే అవకాశం ఎక్కువ. సోయా సాస్ తయారీలో సాధారణంగా గోధుమ వాడతారు.

పిండివంటల్లో అరిసెలు, సకినాలు, చేగోడీలు, పూతరేకులు బియ్యంతో చేసేవే. బొబ్బట్లు, కజ్జికాయలు, గవ్వలు మాత్రం మైదాతోనో గోధుమపిండితోనో చేస్తారు. సేమ్యా పాయసం వద్దు, సగ్గుబియ్యం పాయసం ఓకే. 2010లో జీఐ ట్యాగ్ వచ్చిన హైదరాబాదీ హలీమ్‌లో గోధుమే ప్రధానం, దాన్ని పూర్తిగా పక్కన పెట్టాల్సిందే. బిర్యానీలో గోధుమ ఉండదు. కానీ దమ్ కోసం హండీ మూత చుట్టూ పెట్టేది గోధుమపిండి ముద్దే. మూత తీసేటప్పుడు ఆ పిండి పెచ్చులు అన్నంలో పడతాయి. తడిగుడ్డ చుట్టినా, అల్యూమినియం ఫాయిల్ బిగించినా దమ్ బాగానే పడుతుంది.

రాగి, జొన్న, సజ్జ, కొర్రల్లో గ్లూటెన్ ఉండదు. అయితే బార్లీ మాల్ట్‌తో చేసే హెల్త్ డ్రింకులు పనికిరావు. ఓట్స్‌లో గోధుమ కలిసే అవకాశం ఎక్కువ కాబట్టి ఫ్రెండ్‌ని అడక్కుండా వాడొద్దు.

పిండి మర దగ్గర జాగ్రత్త

జొన్నరొట్టె చేద్దామనుకున్నారు, బాగుంది. కానీ ఆ జొన్నలు పట్టించింది ఎక్కడ? మీకంటే ముందు ఎవరో గోధుమలు పట్టించి ఉంటే, మరలో మిగిలిన ఆ పిండి మీ డబ్బాలోకి వచ్చేసినట్టే. బియ్యప్పిండి, శనగపిండి విషయంలోనూ ఇదే సమస్య. కొద్దిమందికి వంట కాబట్టి ఇంట్లో మిక్సీలో పట్టుకోవడం సేఫ్. మిక్సీ జార్‌ను ముందుగా శుభ్రంగా కడగాలి. ప్యాకెట్ కొనేటట్టయితే 'గ్లూటెన్ ఫ్రీ' అని రాసి ఉన్నది తీసుకోండి. మన దేశంలో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధనల ప్రకారం కిలోకి 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ లేకపోతేనే ఆ మాట రాయాలి.

వంటగదిలో చూసుకోవాల్సినవి ఇవే:

* కొత్త నూనె వాడాలి. పూరీలు, బోండాలు వేయించిన నూనెలో అప్పడం కూడా వేయించొద్దు.
* చపాతీలు కాల్చే పెనం మీద రొట్టె కాల్చొద్దు. దోశ పెనం వేరేగా ఉంటే అది వాడండి.
* చెక్క పీట, అప్పడాల కర్ర, పిండి జల్లెడ సందుల్లో గోధుమపిండి ఉండిపోతుంది. ఆ రోజుకి వాటిని తీయొద్దు.
* స్టీలు గిన్నెలు, గరిటెలు సబ్బుతో బాగా తోమితే చాలు. కొత్తవి కొనాల్సిన పని లేదు.
* ఒక కూర గరిటె ఇంకో కూరలో పెట్టొద్దు. ముందు ఫ్రెండ్‌కే వడ్డించండి.

మరి రుచి సంగతేంటి? ఇదిగో మెనూ

వెల్లుల్లి పోపుతో మామిడికాయ పప్పు: నెయ్యి వేడయ్యాక ఆవాలు వేసి, చిటపటలాడాక జీలకర్ర, ఎండుమిర్చి, దంచిన వెల్లుల్లి వేయాలి. వెల్లుల్లి బంగారు రంగులోకి రాగానే కరివేపాకు వేసి స్టవ్ ఆపేయండి. నల్లబడితే చేదు వస్తుంది. ఆ పోపు పప్పులో వేసి వెంటనే మూత పెడితే వాసన బయటికి పోదు. ఇంగువ లేదన్న సంగతే ఎవరికీ గుర్తురాదు.

గుత్తి వంకాయ: పల్లీలు, ధనియాలు, జీలకర్ర, ఎండుకొబ్బరి, ఎండుమిర్చి, నువ్వులు విడివిడిగా వేయించాలి. అన్నీ ఒకేసారి వేస్తే పల్లీలు వేగేలోపు నువ్వులు మాడిపోతాయి. ఈ ముద్దకి చింతపండు గుజ్జు తగిలితే గ్రేవీ దానంతటదే చిక్కబడుతుంది. ఏ కూరనైనా చిక్కగా చేయడానికి మైదా బదులు పల్లీల పొడి, నువ్వుల పొడి, కొబ్బరి వాడొచ్చు. రుచి ఇంకా పెరుగుతుంది.

మిరియాల చారు: రెడీమేడ్ పొడి వద్దు. మిరియాలు, జీలకర్ర, నాలుగు వెల్లుల్లి రెబ్బలు రోట్లో కచ్చాపచ్చాగా దంచి చింతపండు రసంలో వేసి, ఒక్క పొంగు రాగానే దించేయండి.

నాన్‌వెజ్ తినేవాళ్లయితే గోంగూర మటన్ బ్రహ్మాండంగా సరిపోతుంది. మసాలా మాత్రం అప్పటికప్పుడు ఇంట్లోనే పొడి కొట్టుకోవాలి.

సగ్గుబియ్యం పాయసం: అరగంట నానబెట్టి, పాలల్లో ఉడికించి, స్టవ్ ఆపేసి కాస్త చల్లారాక బెల్లం కలిపితే పాలు విరగవు. అయితే సీలియాక్ కొత్తగా బయటపడినవాళ్లకి కొన్నాళ్లు పాలు కూడా అరగకపోవచ్చు. ముందే అడగండి. పడవంటే కొబ్బరిపాలతో చేయండి.

ముఖ్యమైన మాట.. ఈ మెనూ ఫ్రెండ్ ఒక్కరికే కాదు, ఇంటిల్లిపాదికీ చేయండి. ఒకరికి పక్కన ప్రత్యేకంగా ప్లేటు పెట్టి, మిగతావాళ్లు పూరీలు తింటుంటే ఆ ఫ్రెండ్‌కి అది విందులా ఉండదు. వంటగదిలో గోధుమే లేకపోతే గరిటె మారిపోతుందన్న టెన్షన్ కూడా ఉండదు.

ముందే అడగడంలో తప్పు లేదు

"ఏం తింటావు?" అని ఊరికే అడిగితే "ఏదైనా పర్లేదు" అనే వస్తుంది. మొహమాటం అలాంటిది! దానికి బదులు "పప్పు, గుత్తి వంకాయ, చారు చేస్తున్నా. ఇంగువ వేయట్లేదు, పిండి ఇంట్లోనే పట్టా. ఇంకేమైనా చూడాలా?" అని మెసేజ్ పెట్టండి. కొనే ప్యాకెట్ల వెనక లేబుల్ ఫొటో తీసి పంపండి. ఏళ్ల తరబడి లేబుళ్లు చదివిన కన్ను కాబట్టి ఒక్క చూపులో చెప్పేస్తారు.

ఇంట్లో పెద్దవాళ్లకీ ముందే చెప్పి ఉంచాలి. "ఒక్క బొబ్బట్టు తిను తల్లీ" అని అమ్మమ్మ ప్రేమగా కంచంలో వేస్తే కాదనడం ఎవరికైనా కష్టమే. ప్రసాదం విషయమూ అంతే. సత్యనారాయణ వ్రతంలో చేసేది, అన్నవరంలో ఇచ్చేది గోధుమ రవ్వ ప్రసాదమే. కళ్లకద్దుకుని పక్కవాళ్లకి ఇచ్చేస్తే అది అపచారమని ఎవరూ అనుకోకూడదు.

పొరపాటున తినేస్తే?

ఏదో ఒకటి మర్చిపోయి వేసేశారనుకుందాం. దాచొద్దు, వెంటనే చెప్పేయండి. విరుగుడు మందంటూ లేదు, కానీ తర్వాత నలతగా ఉంటే ఎందుకో వాళ్లకి తెలుస్తుంది. గోధుమ అలర్జీ వేరే సమస్య. అలర్జీ ఉన్నవాళ్లకి పెదాలు వాచినా, ఊపిరి ఆడకపోయినా ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

ఇది చదివాక 'నాకూ ఇవే లక్షణాలు ఉన్నాయే' అనిపిస్తే సొంతంగా గోధుమ మానేయకండి. తినడం ఆపేశాక చేసే రక్తపరీక్షలో సమస్య బయటపడకపోవచ్చు. ముందు డాక్టర్‌ని కలిసి పరీక్ష చేయించుకోవాలి.

బయట ఎక్కడికి వెళ్లినా "ఇందులో ఏం వేశారు?" అని అడిగి అడిగి అలసిపోయి, చివరికి పెళ్లిళ్లకీ పార్టీలకీ వెళ్లడమే మానేసేవాళ్లు ఉంటారు. అలాంటి ఫ్రెండ్ మీ ఇంట్లో ఏమీ అడగకుండా రెండోసారి కూర వేయించుకుంటే.. ఆ వంట హిట్టయినట్టే!

(గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. ఆహారం, ఆరోగ్యం విషయంలో నిర్ణయాలు తీసుకునే ముందు డాక్టర్ లేదా డైటీషియన్ సలహా తీసుకోండి.)