పట్నపు గేదెకు పల్లెలో వసతి

మీ ఊరికి దగ్గరి పట్నములో పాలు అమ్ముకొని బ్రతికే వారి సంగతి ఒకసారి ఆలోచించండి. వారికి నాలుగైదు గేదెలుండును గాని, గడ్డి మొలిచే జానెడు నేల ఉండదు. ఎండుగడ్డి, పచ్చిమేత, తవుడు అన్నియు కొనవలసినవే. గేదె పాలిచ్చినంత కాలము ఈ ఖర్చు గిట్టును. వట్టిపోయిన మరునాటి నుండి అదే మేత నష్టముగా కనబడును. మన గేదెలలో ఈ వట్టికాలము తరచు 4, 5 నెలలు సాగును. అన్నాళ్లు ఊరక మేపలేక, ఇంకా అనేక ఈతలు ఈనగల గేదెను తెగనమ్మి మరొకదానిని కొనుచుందురు. ఈ విధముగా మంచి పాడిపశువులు కబేళాకు చేరుచున్నవి.

పట్నములో లేని గడ్డి, నీడ, నీరు మీ వద్ద ఉన్నవి. రెండెకరముల చిన్న రైతు అయినను, నీటివసతి ఉన్నచో, ఇట్టి పశువులను రోజుకూలి లెక్కన మేపి, ఈనుటకు ముందు యజమానికి తిరిగి అప్పగింపవచ్చును. ఇది పశువును కొనుట కాదు, పాలికి పెంచుట కాదు. వసతి కల్పించి ప్రతిఫలము పుచ్చుకొనుట. పెట్టుబడి తక్కువే. అయితే ఒక్క అజాగ్రత్తతో మీ సొంత పాడి కూడ పోగలదని మొదటనే గుర్తుంచుకొనవలెను.

మొదట గడ్డి, తరువాత గేదె

పెద్ద గేదెకు రోజుకు సుమారు 25 కిలోల పచ్చిమేత, 5 కిలోల ఎండుగడ్డి కావలెను. ఈనుటకు ముందు రెండు నెలలలో కడుపులోని దూడ త్వరగా పెరుగును గనుక, వీటికి తోడు ఒకటిన్నర, రెండు కిలోల దాణా అవసరము. రోజుకు 50 లీటర్లకు తక్కువ కాకుండ మంచినీరు అందుబాటులో ఉండవలెను.

సంవత్సరమునకు ఒక పశువుకు 9 టన్నులకు పైగా పచ్చిమేత పట్టునన్న మాట. నీటివసతి గల నేలలో హైబ్రిడ్ నేపియరు గడ్డి నాటినచో మొదటి కోత 70, 75 రోజులకును, తరువాత ప్రతి 45 రోజులకును వచ్చును. ఎకరమునకు ఏడాదికి 60 టన్నులే వచ్చునని తగ్గించి లెక్క కట్టినను, అరయెకరములో మూడు పశువులకు సరిపోవును. కనుక ఇంట ఒక పాడిపశువు ఉన్నవారు తొలి ఏడు రెండింటిని మాత్రమే తెచ్చుకొనవలెను. వేసవిలో కోత తగ్గును. అందుకై గడ్డివాము ముందుగానే వేసికొనండి.

కూలి ఎంత?

ఉదాహరణకు పచ్చిమేత కిలో 2 రూపాయలు, ఎండుగడ్డి 8 రూపాయలు, దాణా 25 రూపాయలు అనుకొందము. రోజుకు కిలో దాణా సరాసరిన పశువుకు 115 రూపాయల మేత అగును. పనికి, పాక మరమ్మతుకు 35 రూపాయలు కలిపి 150 రూపాయలు అడిగినచో, రెండు పశువుల మీద నెలకు 9,000 రూపాయలు వచ్చును. మేతకు 6,900 పోగా మిగులు 2,100. పచ్చిమేత మీ పొలములోనిదే అయినచో దాని విలువ 3,000 రూపాయలు కూడ మీ ఇంటనే నిలుచును. పేడ మీ చేనికి ఎరువగును. ఈ ధరలు లెక్క నేర్చుకొనుటకే. మీ ఊరి ధరలు వేసి, మీ లెక్క మీరే కట్టుకొనవలెను. మేత ఖర్చుకు తక్కువగా ఒప్పుకొన్నచో గేదెనైనా పస్తు పెట్టవలసి వచ్చును, మీరైనా నష్టపోవలసి వచ్చును.

ముప్పది రోజుల ఎడము

కొత్త పశువును వచ్చిన రోజుననే మీ పశువు ప్రక్కన కట్టినారా, ముప్పు తెచ్చుకొన్నట్లే. గాలికుంటు సోకిన పశువు కొన్ని రోజుల వరకు ఆరోగ్యముగానే కనబడవచ్చును. ఇంతలో ఒకే తొట్టిలో కుడితి త్రాగినచో మీ పాడిపశువు నోరు, గిట్టలు పుండ్లు పడును. 2022లో దేశమంతట ఆవులను పీడించిన ముద్దచర్మ వ్యాధిని రైతులు మరచియుండరు.

అందుచేత వచ్చిన పశువును 30 రోజులు వేరుగా, దూరముగా కట్టవలెను. దాని తొట్టి, బాల్చీ, పలుపు వేరుగా ఉండవలెను. ముందు మీ పశువుల పని ముగించి, తరువాతనే దాని వద్దకు పోవలెను. రెండు పశువులను తెచ్చునప్పుడు ఒకే రోజున తెచ్చినచో గడువు కూడ ఒకేసారి తీరును.

గాలికుంటు, గొంతువాపు టీకాలు వేయించని పశువును దింపుకొనవద్దు. ఈసుకుపోయిన చరిత్ర గల పశువుకు బ్రూసెల్లా రక్తపరీక్ష చేయించనిదే ఒప్పుకొనవద్దు. ఈ రోగము మనుష్యులకు కూడ అంటును. ఈసుకుపోయిన పిండమును, మాయను వట్టి చేతులతో ముట్టరాదు. సూడి పశువుకు ఏ నట్టల మందు తగునో పశువైద్యుని అడిగియే పోయవలెను.

కాగితము లేనిదే పలుపు పట్టవద్దు

ఎంత స్నేహితుడైనను ఒప్పందము వ్రాసికొనవలెను. చెవిపోగుపై గల 12 అంకెల సంఖ్య, ఫొటో, ఎన్నవ నెల సూడి, వేసిన టీకాలు, రోజుకూలి, చెల్లించు తేది, వైద్య ఖర్చు ఎవరిది, అకస్మాత్తుగా చచ్చినచో ఏమి చేయవలెను – ఇవి అందులో ఉండవలెను. బీమా ఉన్నచో, పశువును తరలించిన సంగతి కంపెనీకి తెలుపుమని యజమానికి చెప్పండి.

1872 నాటి భారత కాంట్రాక్టు చట్టము 151వ సెక్షను ప్రకారము, వివేకము గల మనిషి తన సొత్తును చూచుకొన్నట్లే అప్పగింత సొత్తును చూడవలెను. అదే చట్టము 163వ సెక్షనులో మనకు సరిపోవు ఉదాహరణమే ఉన్నది: మేపుమని అప్పగించిన ఆవు ఈనినచో, ఆవుతో పాటు దూడను కూడ యజమానికి ఇచ్చివేయవలెను. కనుక దూడపై ఆశ పెట్టుకొనరాదు. ఈనుటకు నెలకు ముందే గేదెను పంపివేయుట, లేదా ఈని తేరుకొనువరకు ఉంచుట – ఏదో ఒకటి ముందే తేల్చుకొనండి. నిండు సూడి గేదెను లారీ ఎక్కించుట ప్రమాదము.

గ్రామాధికారులకు ఒక మాట

2009 నాటి పశువుల అంటువ్యాధుల నివారణ చట్టము ప్రకారము, చట్టములో పేర్కొన్న అంటురోగము సోకినట్లు అనుమానము కలిగినచో పశువు యజమానియే కాక, దానిని మేపుచున్నవాడు కూడ గ్రామాధికారికి గాని పంచాయతీ బాధ్యునికి గాని తెలుపవలెను. ఆ కబురు వెంటనే పశువైద్యునికి చేర్చుట మీ వంతు. బయటి పశువులు ఎవరి పాకలో ఎన్ని ఉన్నవో ఒక పుస్తకములో వ్రాసి ఉంచినచో, టీకాల వేళ ఏదియు తప్పిపోదు.

రైతు సోదరులారా! ఈ వృత్తికి మూలధనము నమ్మకము. బక్కచిక్కి వచ్చిన గేదె నిగనిగలాడుచు తిరిగిపోయిన నాడు, ఆ యజమానియే మరొకరిని మీ వాకిటికి తెచ్చును. గేదెను తెచ్చుకొనుటకు ముందు ఈ వారమే రెండు పనులు చేయండి: మీ గడ్డి లెక్క కట్టండి, మీ పశువైద్యాధికారిని కలిసి, కొత్త పశువును వేరుగా కట్టు చోటును చూపించండి.